కానుక బలిపీఠం దగ్గరికి రాకముందు



ఈ దినం మనం కానుకను గూర్చి ధ్యానిద్దాం. కానుక అనగానే చాలామంది బోధకులు మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం తెరుస్తారు. పదవ భాగం తెండి, ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయి అంటారు. మంచిదే. అయితే దయచేసి అదే అధ్యాయంలో 5వ వచనం కూడా చదవండి. కూలివాని కూలి దగ్గర అన్యాయం చేసేవారి మీద, విధవరాళ్లను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద దేవుడే సాక్షిగా వస్తానంటున్నాడు. పదవ భాగం మాట దాని తరువాతే వచ్చింది. 5వ వచనం దాటకుండా 10వ వచనానికి ఎలా చేరగలం?

ధర్మశాస్త్రం కానుకను ఎంత అని అడగడానికి ముందు, ఎక్కడిది అని అడుగుతుంది. ద్వితీయోపదేశకాండము 23:18 ప్రకారం వ్యభిచారపు సొమ్ము దేవుని మందిరానికి మొక్కుబడిగా కూడా తేకూడదు. ధర్మశాస్త్రాన్ని అనుసరించే యూదులు ఈ సంగతిని ఇంకా లోతుగా ఆలోచించారు. పర్ణశాలల పండుగలో ఖర్జూరపు మట్ట పట్టుకోవాలి గదా. ఆ మట్ట దొంగిలించినదైతే పండుగ ఆచారం చెల్లదని వారి మిష్నా చెబుతుంది. పాపం ద్వారా చేతికొచ్చిన దానితో పుణ్యకార్యం జరగదన్నమాట.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు. తరుగు అనే మాట మీకు నేను వివరించనక్కరలేదు. నగ చేయించుకుంటే ఒక తరుగు, రైతు పంట తూకం వేస్తే ఒక తరుగు. బంగారం చెక్కేటప్పుడు కొంత పోతుంది, కాయల్లో మట్టి ఉంటుంది, నిజమే. కానీ న్యాయానికి మించి తీసిన తరుగు ఆదివారం కానుక పెట్టెలో పడితే పరిశుద్ధమవుతుందా? సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు ఉండకూడదని ద్వితీయోపదేశకాండము 25:13 చెబుతోంది. ఆ సంచి మందిరంలో లేదు, బజారులో ఉంది.

ఇక పొలానికి వెళ్దాం. పులివెందుల వైపు వేరుశనగ పీకిన చేలోనో, జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ కోసిన చేలోనో, మిగిలినవి ఏరుకోవడానికి ముసలమ్మలు, పిల్లలు వస్తే మీరేం చేస్తారు? కొందరు అదిలిస్తారు. కొందరు జాలిపడి ఏరుకోనిస్తారు. లేవీయకాండము 19:9-10 అయితే జాలి మాటే ఎత్తదు. చేని ఓరలు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరవద్దు, వాటిని బీదలకు, పరదేశులకు విడిచిపెట్టు అంటుంది. ఓర కనీసం పంటలో అరవైయవ వంతు ఉండాలని రబ్బీలు లెక్క కట్టారు. కోసేవాని చేతిలోనుండి రెండు వెన్నులు జారితే అవి బీదలవి, మూడు జారితే యజమానివి అన్నంత సూక్ష్మంగా చర్చించారు. ఆ పరిగెను తనకిష్టమైన బీదవాడికి ఇప్పించుకునే అధికారం కూడా యజమానికి లేదు. ఎవరు ముందు వచ్చి ఏరుకుంటే వారిదే. ఎందుకంటే అది అతని దానం కాదు, వారి సొత్తు. రూతు బోయజు పొలంలో అడుగుపెట్టినప్పుడు ఆమె వెనుక ఈ చట్టం ఉంది.

అందుకే యూదులు దానాన్ని త్సెదాకా అంటారు. ఆ మాటకు మూలం న్యాయం, నీతి. మన తెలుగు బైబిలులో మత్తయి 6వ అధ్యాయం చూడండి, ధర్మము అన్న మాటకు ముందు నీతికార్యము అన్న మాటే వస్తుంది.

దశమభాగం మాటకొస్తే, మోషే ధర్మశాస్త్రంలో అది ఆ దేశపు పంట మీద, పశువుల మీద విధించినది. మూడేండ్లకొకసారి దాన్ని ఊరిలోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందేలా చేయమని ద్వితీయోపదేశకాండము 14:28-29లో ఉంది. క్రీ.శ. 70లో దేవాలయం నాశనమయ్యాక, లోకమంతటా చెదరిన యూదులు డబ్బు సంపాదనలో పదవ వంతును ఎక్కువగా బీదలకు ఇవ్వడం ఆచారంగా చేసుకున్నారు. అయిదవ వంతుకు మించి ఇవ్వవద్దని కూడా పూర్వ రబ్బీలు హద్దు పెట్టారు. ఇచ్చినవాడే రేపు చేయి చాచకూడదని వారి ఉద్దేశం. వడ్డీకి తెచ్చి కానుక వేస్తే నూరంతలు వస్తుందని ఎవరైనా మీతో చెబితే ఈ హద్దును గుర్తు చేసుకోండి. 2 కొరింథీయులకు 8:12లో పౌలు కూడా ఉన్నదానిని బట్టే ఇవ్వమన్నాడు, లేనిదానిని బట్టి కాదు. తల్లిదండ్రుల మందుల డబ్బును కొర్బాను అని పక్కన పెట్టేవారితో ప్రభువు ఏమన్నాడో మార్కు 7వ అధ్యాయంలో చదువుకోండి.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పై మెట్టు ఏదో తెలుసా? పడిపోబోయేవాడికి అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి, మళ్లీ ఎవరినీ అడగనక్కరలేకుండా నిలబెట్టడం. వానలేని ఏడాదిలో పొరుగు రైతుకు వడ్డీ లేకుండా విత్తనకాయలు ఇవ్వడం ఆ మెట్టుదే.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. మన తెలుగువారిలోనే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలవారు, ఒకప్పుడు బాప్టిస్టు సంఘస్థులు. 1980ల చివరినుండి యూదు ఆచారాలు పాటిస్తున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిని గూర్చి 2013లో ఒక పుస్తకమే రాశారు. వారి విశ్వాసం మన విశ్వాసం కాదు, ఆ తేడా చిన్నది కూడా కాదు. అయినా ఒక్క సంగతి గమనించండి. కూలి మీద బ్రతికేవాడు విశ్రాంతి దినాన పని మానితే ఆ రోజు కూలి పోతుంది. కానుక పెట్టె ఎదురుగా లేకపోయినా అదీ ఇవ్వడమే. సూర్యుడు అస్తమించకముందే కూలి ఇచ్చేయమన్న ద్వితీయోపదేశకాండము 24:15 కూలివాడి గుడిసెలో చదివితే ఒకలా, భూస్వామి ఇంట్లో చదివితే ఒకలా వినబడుతుంది.

ఇంతవరకు ఇచ్చేవారి మాట. తీసుకునేవారి మాట కూడా చెప్పాలి, ఇక్కడే మన సంఘాల్లో మౌనం ఎక్కువ. నిర్గమకాండము 36వ అధ్యాయంలో ప్రజలు అవసరానికి మించి తెస్తుంటే మోషే ఇక తేవద్దని చాటింపు వేయించాడు. ఈనాడు ఆ చాటింపు ఎక్కడైనా విన్నారా? 38వ అధ్యాయంలో లెక్క ఉంది. బంగారం 29 తలాంతుల 730 తులాలు. వెండి 100 తలాంతుల 1,775 తులాలు, ఇచ్చినవారు 6,03,550 మంది. నూరు తలాంతులతో నూరు దిమ్మలు, మిగిలిన 1,775 తులాలతో స్తంభాల వంకులు వగైరా. యూదు రబ్బీలు ఒక కథ చెబుతారు. మందిరపు పని చేతిలో ఉన్నవాడు ధనవంతుడు కాకుండా ఉంటాడా అని మోషే వెనుక గుసగుసలు బయలుదేరాయట. అతడు లెక్క చెప్పడం మొదలుపెట్టి, ఆ 1,775 తులాలు ఎటుపోయాయో తట్టక చెమటలు పట్టి కూర్చున్నాడట. తలెత్తి చూస్తే వంకులు కనబడ్డాయట. కథ కథే కావచ్చు. కానీ దేవునితో ముఖాముఖిగా మాట్లాడినవాడే లెక్క చెప్పవలసి వచ్చిందని వారు తలంచారు. దేవాలయపు ఖజానా గదిలోకి వెళ్లేవాడు మడత కుట్టిన అంగీ గానీ చెప్పులు గానీ వేసుకోకూడదని కూడా మిష్నాలో ఉంది. తరువాత అతనికి డబ్బు కలిసొస్తే, గదిలోనిదేనని జనం అనుకోకూడదు. బీదల నిధి వసూలుకు ఇద్దరు, పంచడానికి ముగ్గురు ఉండాలన్నది మరో నియమం.

జమ్మలమడుగువారు క్యాంప్‌బెల్ ఆసుపత్రిని ఎరుగుదురు. దాన్ని నెలకొల్పిన లండన్ మిషనరీ సొసైటీ సామాన్య సంఘాల చిన్న చిన్న కానుకల మీద నడిచింది, ఏ సంఘం ఎంత పంపిందో ఏటేటా నివేదికలో అచ్చువేసేది. మన సంఘాల్లో వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి దేవుని కుండలో వేసే తల్లులున్నారు. ఆ పిడికెళ్లు ఏమయ్యాయో వారికి చదివి వినిపించండి. లెక్క అడిగిన సహోదరుణ్ణి తిరుగుబాటుదారుడు అనకండి. యెరూషలేము బీదలకు కానుక చేరవేయవలసి వచ్చినప్పుడు పౌలు ఆ సొమ్మును తన ఒక్కడి చేతిలో ఉంచుకోలేదు. తీతుతో కూడా మరొక సహోదరుణ్ణి పంపాడు. 2 కొరింథీయులకు 8:19 చూడండి, ఆ సహోదరుణ్ణి ఏర్పరచుకున్నది పౌలు కాదు, సంఘాలు.