పెద్దవారిని ఇంట్లో ఉంచి సుగ్గికి పోతున్నారా?

దసరా, దీపావళి దాటితే కోడుమూరు, పత్తికొండ, ఆదోని ప్రాంతాల పల్లెల్లో చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. కొందరు గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు, మరికొందరు హైదరాబాదు, బెంగుళూరులకు కట్టడం పనులకు పోతారు. తాళం పడని ఇళ్ళలో మిగిలేది అవ్వాతాతలు, వారి దగ్గర వదిలిన పిల్లలు.

వృద్ధుల సంఖ్య ఎందుకు పెరుగుతోంది?

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 సంవత్సరాలు. ఇప్పుడది దాదాపు 70. టీకాలు, మందులు, మెరుగైన తిండి ఇందుకు కారణం. ఇది సంతోషించదగిన విషయమే. అయితే కాన్పులు కూడా తగ్గాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే ఇది 2.1 ఉండాలి. అందుకే ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న పాత నిబంధనను రాష్ట్రం 2024లో తొలగించింది.

ఇంటి మీద పడే భారం

ఒకప్పుడు నలుగురైదుగురు బిడ్డలు పంచుకున్న బాధ్యత ఇప్పుడు ఒకరిద్దరిదే. వాన నమ్ముకున్న సేద్యంలో పని దొరకక ఆ ఒకరిద్దరూ వలస పోతే ఇంటి దగ్గర చూసేవారుండరు. 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలుగా ఇస్తున్న వృద్ధాప్య పింఛను లోనే బియ్యం, మనవళ్ళ ఖర్చు, మందులు అన్నీ జరగాలి. అప్పుడు ముందుగా ఆగేది మాత్రలే. "ఒళ్ళు బాగానే ఉంది కదా" అని బీపీ మాత్ర మానేస్తారు. బీపీ పెరిగినా చాలామందికి బాధ తెలియదు. ఒకరోజు కాలూ చెయ్యీ పడిపోతుంది. కొడుకు పని వదిలి పరుగెత్తుకొస్తాడు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పుగా మిగులుతుంది. మాత్రలు ఆగినందుకు సుగ్గి సంపాదన అంతా పోతుంది.

పోయే ముందు చేయవలసినవి

1. బీపీ, షుగరు పరీక్ష చేయించండి. తిరిగి వచ్చేవరకు మందులు ఎవరు తెచ్చి ఇస్తారో నిర్ణయించండి.

2. చదువు రానివారికి పొద్దున మాత్రలు ఒక డబ్బాలో, రాత్రివి వేరే రంగు డబ్బాలో పెట్టి చూపించండి.

3. చూపు మసకబారితే శుక్లాలేమో చూపించండి. మగ్గం నేసిన పెద్దవారు చూపు తగ్గడం మామూలే అనుకుని ఊరుకుంటారు.

4. మంచం నుండి బయటికి పోయే దారిలో రాళ్ళు, తాళ్ళు లేకుండా చేయండి. రాత్రి దీపం ఉండాలి. పడితే తుంటి ఎముక విరుగుతుంది.

5. వయసులో దాహం తెలియదు. దగ్గరే నీళ్ళ చెంబు పెట్టండి. జొన్నరొట్టె నమలలేనివారికి పప్పుతో మెత్తని సంగటి, గుడ్డు, మజ్జిగ ఇవ్వాలి.

6. పక్కింటివారికి, ఆశా కార్యకర్తకు మీ ఫోను నంబరు ఇవ్వండి.

వెంటనే ఆసుపత్రికి తేవలసిన లక్షణాలు

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతపు గుర్తులు. గాలి సోకిందని ఆలస్యం చేయకండి. 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తుంది. నిన్న బాగున్న మనిషి ఈ రోజు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే అది చాదస్తం కాదు. జ్వరం లేకున్నా ఊపిరితిత్తుల్లో చీము, మూత్రంలో ఇన్‌ఫెక్షను, నీరు తగ్గడం కారణం కావచ్చు.

పెద్దలకు తోడు లేకపోతే 14567 హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు. బిడ్డలు పోషించకపోతే 2007 చట్టం కింద ఆర్‌డీఓ గారికి దరఖాస్తు ఇవ్వవచ్చు.

పనిచోట నుండి ఇంటికి ఫోను చేసినప్పుడు "తిన్నావా అమ్మా" అని అడుగుతారు కదా. "మాత్ర వేసుకున్నావా" అని కూడా తప్పక అడగండి.