ఒకే పేరు, రెండు ప్యాకేజీలు: డెబియన్‌లో పేర్ల తగువు ఎలా తీరింది?

ఏర్పేడులో ఆటో ఎక్కి "ఇన్‌స్టిట్యూట్ కాడికి పోనీ అన్నా" అనండి. "ఐఐటీకా, ఐసర్‌కా సార్?" అని అడుగుతాడు. రెండూ ఈ మండలంలోనే ఉన్నాయి కదా! కంప్యూటర్ అలా అడగదు. ఆ పేరుతో ఏది దొరికితే అది పెట్టేస్తుంది.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ మొదలుపెట్టారు. అప్పటికే డెబియన్‌లో "గిట్" పేరుతో వేరే ప్యాకేజీ ఉంది: గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్. అది ఫైళ్లు చూసుకునే పనిముట్టు. అందుకని కొత్తది "గిట్-కోర్" పేరుతో వచ్చింది. తర్వాత పాతది "గ్నూఇట్" అయింది, 2010లో గిట్‌కి తన పేరు దక్కింది.

"నోడ్" దగ్గర గొడవ ఇంకా ముదిరింది. హామ్ రేడియో వాళ్ల ప్రోగ్రామ్ పేరు నోడ్, నోడ్.జేఎస్ కమాండ్ పేరూ నోడే. కొత్తదానికి జనం ఎక్కువ. కానీ పాతదాని పేరు రేడియో వాళ్ల సెట్టింగుల్లో రాసి ఉంది. చెప్పకుండా మారిస్తే వాళ్ల పని ఆగిపోతుంది. డెబియన్ నియమం ఏమంటుందంటే, ఇద్దరూ ఒప్పందానికి రాకపోతే ఇద్దరూ పేరు మార్చుకోవాల్సిందే. 2012లో టెక్నికల్ కమిటీ తీర్పుతో రేడియోది "ఏఎక్స్25-నోడ్" అయింది, రెండోది "నోడ్‌జేఎస్". పాత అలవాటు వదలలేని వాళ్లకి "నోడ్" అనే లింకు ఇచ్చే చిన్న ప్యాకేజీ విడిగా పెట్టారు.

మరి మీ సిస్టమ్‌లో ఈ తగువు వస్తే? "ఈ ఫైల్ ఇప్పటికే ఫలానా ప్యాకేజీలో ఉంది" అంటూ ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. చాలామంది వెంటనే ఫోర్స్ ఆప్షన్ కొడతారు. అది చేయొద్దండీ! అవతలి ప్యాకేజీ ఫైల్ పోతుంది, అది ఎప్పుడో అవసరమైన రోజున మొరాయిస్తుంది. ముందు ఎర్రర్‌లో ఉన్న ప్యాకేజీ పేరు చదవండి. తర్వాత "ఆప్ట్ పాలసీ" కమాండ్‌తో ఏది ఏ రిపాజిటరీ నుంచి వచ్చిందో చూడండి. బయటి రిపాజిటరీ కలిపి ఉంటే అనుమానం ముందు దాని మీదే పెట్టండి. రెండింటిలో అక్కర్లేనిది తీసేసి, కావాల్సింది మళ్లీ పెట్టుకోండి.

పేరు మార్చడం పెద్ద కష్టం కాదండీ. పాత పేరు నమ్ముకున్న వాళ్లని నడిరోడ్డు మీద వదలకుండా మార్చడమే అసలు పని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.