నిలబడితే వంకర, నడిస్తే సూటి

తార్నాక కూడలి నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు మళ్లే ఏ కారునైనా ముందు నుంచి గమనించండి. ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగవు. లోపలి చక్రం గీసే వలయం చిన్నది, కాబట్టి అది కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఈ ఏర్పాటు కారుకన్నా పాతది. మ్యూనిక్‌లో గుర్రపు బగ్గీలు చేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీన్ని రూపొందించాడు. ఆయన తరఫున 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న లండన్ ప్రచురణకర్త రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. బగ్గీ చేసినవాడికి ఇది అన్యాయమే.

తిన్నగా సాగే కారు లెక్క ఇంకా సున్నితం. కంపెనీ ఇచ్చే అలైన్‌మెంట్ కొలతల్లో కాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం ఒరిగిన తీరు. స్టీరింగ్ అక్షం పైభాగం వెనక్కి వాలడం కాస్టర్. మలుపయ్యాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వచ్చేది చాలావరకు దీనివల్లే. ఇక టో: పై నుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు వెనక అంచులకన్నా దగ్గరగా ఉన్నాయా, ఎడంగా ఉన్నాయా అన్నది.

నాకు ఎంతో ఇష్టమైన కొలత ఈ టో. అంబాసిడర్‌లా వెనక చక్రాలతో నడిచే కారు కదిలితే, రోడ్డు ముందు చక్రాలను వెనక్కి నెడుతుంది. జాయింట్లలో, బుష్‌లలో ఉన్న కాస్త వెసులుబాటు మేరకు అవి బయటికి విచ్చుకుంటాయి. అందుకే నిలబడి ఉన్నప్పుడే వాటిని కొంచెం లోపలికి తిప్పి ఉంచుతారు. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజను లాగుడు ఎదురు దిశలో పనిచేస్తుంది కనుక చాలావాటికి టో సున్నా దగ్గరే ఉంటుంది.

ఒక చక్రం అర డిగ్రీ తప్పితే కిలోమీటరుకు దాదాపు 8.7 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినంత రాపిడి. మెకానిక్‌లు ‘టైరు తినేస్తోంది’ అనేది దీన్నే. ట్రెడ్ మీద అడ్డంగా చెయ్యి రాస్తే ఒకవైపు నున్నగా, తిరిగి రాస్తే రంపంలా తగులుతుంది. టోను మిల్లీమీటర్లలో చెబితే రిమ్ సైజూ చెప్పాలి: 14 అంగుళాల రిమ్ దగ్గర మొత్తం 2 మిల్లీమీటర్లంటే 0.32 డిగ్రీ, 16 అంగుళాల దగ్గర 0.28.

ఒకప్పుడు దారం కట్టి చూసిన ఈ తేడాను ఇప్పుడు కెమెరాలు పడతాయి. చక్రాలకు బిగించిన పలకల మీది గుర్తులు ఎంత వంకరగా కనిపిస్తున్నాయో చూసి కంప్యూటరు కోణాలు లెక్కిస్తుంది.

కొలిచే ముందు టైర్లలో గాలి సరిచూడాలి, బాల్ జాయింట్లలో వదులు ఉందేమో కదిపి చూడాలి. అసలు జాగ్రత్త మరొకటుంది. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు మన చిన్న కార్లలో చాలావాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లే (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాళ్లు). వాటిలో సాధారణంగా స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ తిప్పి టో ఒక్కటే సరిచేయగలరు. క్యాంపస్‌లో స్పీడ్ బ్రేకరు మీదుగా వేగంగా దూకించాక తెర మీద కాంబర్ హద్దు దాటి ఎర్రగా కనిపిస్తే, లోయర్ ఆర్మో స్ట్రట్టో వంగిందేమో విప్పి చూడమనండి. టో సరిచేసి పంపిస్తే ఆ టైరు ఒక అంచు అరుగుతూనే ఉంటుంది.