బ్రేక్ వేస్తే గెలిచే రేసు

కారు రేసు అనగానే చాలామందికి గుర్తొచ్చేది అమెరికాలోని డేటోనా స్పీడ్‌వే లాంటి ట్రాకే. ఒక చుట్టు రెండున్నర మైళ్ళు. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీల వాలుగా ఉంటుంది. కారు బయటికి జారిపోకుండా ఆ వాలే కాస్తుంది కాబట్టి డ్రైవర్ బ్రేక్ తొక్కే అవసరం దాదాపు రాదు. అంటే అక్కడ బ్రేక్ వేస్తే నష్టమే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన రేసు మన సికింద్రాబాద్ పక్కనే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అది. మన దేశంలో ఈ ఎలక్ట్రిక్ కార్ల పోటీ జరగడం అదే మొదటిసారి. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు, చాలావరకు మామూలు నగరం రోడ్లే. వాలు లేదు. కాబట్టి మలుపు రాగానే బ్రేక్ వేయాల్సిందే. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఆ జెన్ 3 కారు బరువు డ్రైవర్‌తో కలిపి దాదాపు 840 కిలోలు. గంటకి 200 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గిందనుకుందాం. ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివిన గతిశక్తి సూత్రంలో వేసి చూశాను. 1.18 మెగాజౌల్స్ వచ్చింది. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే యూనిట్‌లో మూడోవంతు. మామూలు కారులో ఇదంతా వేడై గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ మాత్రం మోటారే జనరేటర్‌లా తిరిగి, అందులో చాలా భాగాన్ని బ్యాటరీకి చేరుస్తుంది. ముందు మోటారు 250, వెనకది 350, మొత్తం 600 కిలోవాట్ల దాకా వెనక్కి లాగగలవు. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా వచ్చేదేనని దాన్ని తయారుచేసినవాళ్ళ మాట.

అందుకే ఇది పొదుపు పోటీ కూడా. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనక కారుకి ఖర్చు తగ్గుతుంది. డేటోనాలో ఇదే కిటుకు వేగం కోసం, ఇక్కడ బ్యాటరీ కోసం. ఆ రోజు చివర్లో ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర వెనకున్న నిక్ కాసిడీ కంటే తక్కువ చార్జ్ మిగిలింది. అయినా మలుపు మలుపుకీ దారి మూసేసి, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు.

2024 ఫిబ్రవరిలో మళ్ళీ జరగాల్సిన రేసు జనవరిలోనే రద్దయిపోయింది. ఊరి నడిమధ్య రోడ్లు మూసి రేసు పెట్టడం అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. నాకు మాత్రం, ఇంజినీరింగ్ విద్యార్థులకి ఇంత దగ్గర్లో ఇంత మంచి ల్యాబ్ మళ్ళీ దొరకదేమో అనిపిస్తుంది. ఆ పాఠం మాత్రం ఊరు వదిలి పోలేదు. పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో ఆగే ప్రతి మెట్రో రైలూ బ్రేక్ వేసినప్పుడు ఇదే సూత్రంతో కరెంటు పుట్టిస్తుంది. ఈసారి ఎక్కినప్పుడు ఆ బ్రేక్ చప్పుడు వినండి.