మీకు తెలుసా? డిస్కు బిగిస్తే సరిపోదు

1965 ఫోర్డ్ మస్టాంగ్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే వచ్చేవి. ముందు చక్రాలకు డిస్కులు కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ డ్రమ్ముల స్థానంలో డిస్కులు వేయించుకునేవాళ్లు డిస్కు, కాలిపర్ బిగిస్తే పనైపోయిందనుకుంటారు. అసలు కీలకం పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే మాస్టర్ సిలిండర్‌లో, వాల్వుల్లో ఉంది. తిరిగే డ్రమ్ము షూను తనవైపు లాక్కుని పట్టు పెంచుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, పెడల్‌ను గట్టిగా తొక్కాలి; అందుకే చాలామంది బూస్టర్ పెట్టిస్తారు. డ్రమ్ లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వును అలాగే వదిలేస్తే, ప్యాడ్లు డిస్కును ఒరుసుకుంటూ వేడెక్కుతాయి. వెనక చక్రాలు ముందే లాక్ కాకుండా ప్రపోర్షనింగ్ వాల్వూ అవసరమే. 1967కు ముందటి మస్టాంగ్‌లో బ్రేకులన్నిటికీ ఒకటే సర్క్యూట్. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. డిస్కులు వేయించేటప్పుడే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ కూడా పెట్టించండి.