బాబాకు ఎలా తెలిసింది?

"భాయ్, మీరు నమ్మరుగానీ, నేను నోరు తెరవకముందే అంతా చెప్పేశాడు!" మా ఆవిడ అక్కగారు ఆ రోజు సాయంత్రానికల్లా కనీసం పదిమందితో ఈ మాట అన్నారు. ఆ గదిలో నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె నోరు తెరవకముందు ఆ పెద్దమనిషి చెప్పింది ఏమీ లేదు. తెరిచిన తర్వాత కూడా ఆయన చెప్పింది బహు తక్కువ. చెప్పిందంతా ఆపాయే.

సంగతేమిటంటే, ఆపా ఇంట్లో నాలుగు తులాల గాజులు కనిపించకుండా పోయాయి. బీరువా తాళం తాళంగానే ఉంది. పోలీసులకు చెబితే ఇంటి పరువు బజారున పడుతుందని భయం. ఎవరో చెప్పగా, ఊరి చివర ఒక 'ఆమిల్ సాహెబ్' దగ్గరకు బయలుదేరారు. వద్దని రెండుసార్లు చెప్పాను. వినే స్థితిలో లేరు. బావగారు ఊళ్ళో లేరు, తోడు రమ్మన్నారు. ఒంటరిగా పంపడం కంటే నయమనుకుని వెళ్ళాను. పిల్లలకు దీన్ చెప్పే మనిషిని, అలాంటి గుమ్మం తొక్కడం నా తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే బడిపంతులు అలవాటు కొద్దీ, అక్కడ జరిగినదంతా ఆ రాత్రే నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, "ఇంటి మీద ఏదో బరువు ఉందమ్మా" అన్నాడు. ఆపా నిట్టూర్చారు. బరువు లేని ఇల్లు ఏదైనా ఉందా? ఉంటే ఆ ఇంటివారు అక్కడికి ఎందుకు వస్తారు? "మనిషి గురించి..." అని ఆగాడు. ఆపా తల అడ్డంగా కదిలింది. "...మనిషి గురించి కాదు, వస్తువు గురించి వచ్చారు" అని వాక్యం పూర్తి చేశాడు. ఆపా కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె వచ్చినప్పటి నుంచి మాటిమాటికీ ఎడమ మణికట్టు తడుముకుంటూనే ఉన్నారు. నేను చూశాను. ఆయనా చూశాడు. "పచ్చని మెరుపు కనిపిస్తోంది" అన్నాడు. "గాజులు సాహెబ్! నాలుగు తులాలు!" అన్నారు ఆపా.

"గుడ్డలో చుట్టి ఉన్నాయి. తెల్లది... కాదు కాదు, రంగుది..."

"ఆకుపచ్చ రుమాలు సాహెబ్!"

"అదే. ఆకుపచ్చ."

ఇంటికి వచ్చాక ఆపా అందరికీ చెప్పిన కథలో ఈ తెల్ల గుడ్డ లేదు. 'మనిషి గురించి' అని ఆగడమూ లేదు. "నాలుగు తులాలని, ఆకుపచ్చ రుమాలని, చూసినట్టు చెప్పాడు" అన్నారు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఆమెకు నిజంగానే అలా గుర్తుంది. తగిలిన మాట మనసులో నాటుకుంటుంది, తప్పిపోయిన మాట జారిపోతుంది. ఈ వ్యాపారం సగం నడిచేది ఆ గదిలో కాదు, బయటకు వచ్చిన తర్వాత మనం చెప్పుకునే కథల్లో.

ఈ విద్యకు ఇంగ్లీషులో 'కోల్డ్ రీడింగ్' అని పేరు. ముందుగా ఏమీ తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వయసు, బట్టలు, చేతులు, కళ్ళు చూస్తూ, అతని చేతనే చెప్పించి, తిరిగి అతనికే అప్పజెప్పడం. అమెరికాలో రే హైమన్ అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు 1977లో దీని మీద వివరంగా ఒక వ్యాసం రాశాడు. ఆయన రాయడానికి అర్హుడే. కుర్రతనంలో చేతి ఖర్చుల కోసం హస్తసాముద్రికం చెప్పేవాడు. జనం మెచ్చుకోవడం చూసి, చేతిగీతల్లో నిజంగానే ఏదో ఉందని తానే నమ్మాడు. అప్పుడు స్టాన్లీ జాక్స్ అనే అనుభవజ్ఞుడు ఒక సలహా ఇచ్చాడు: గీతలు చెబుతున్న దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పి చూడు అని. హైమన్ అలాగే చేశాడు. వచ్చినవారు అంతే సంతోషించారు, అంతే ఆశ్చర్యపోయారు! గీతల్లో ఏమీ లేదని ఆయనకు ఆ రోజు తెలిసింది.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. గద్దె మీద కూర్చున్న ప్రతివాడూ తెలిసి మోసం చేస్తున్నాడని అనలేము. వచ్చినవారి మెప్పు చూసి తనకు ఏదో శక్తి వచ్చిందని తానే నమ్మేవారూ ఉంటారు. అలాంటివారు మరింత ప్రమాదం. వారి కళ్ళలో అబద్ధం కనిపించదు కదా.

బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మరో అమెరికన్ పండితుడు 1948లో తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. తర్వాత 'మీ స్వభావం ఇదీ' అని తలా ఒక కాగితం ఇచ్చి, ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. దాదాపు అందరూ తమ మనసును అద్దంలో చూసినట్టుందన్నారు. తీరా చూస్తే అందరి చేతిలో ఉన్నదీ ఒకే కాగితం! అందులోని వాక్యాలు చాలా భాగం బజారులో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవే. మన దగ్గర చెప్పేవి ఏమిటో గుర్తు చేసుకోండి: "నువ్వు అందరికీ చేస్తావు, నీకు ఎవరూ చేయరు", "పైకి నవ్వుతావుగానీ లోపల బాధ ఉంది", "చేతికి డబ్బు వస్తుంది, నిలవదు". ఈ మూడు మాటలు మా మదర్సా వంటవాడి నుంచి నాదాకా ఎవరికైనా అతుకుతాయి.

జర్మనీలో ఒక గుర్రం ఉండేది. దాని పేరు హాన్స్. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన లెక్క అడిగితే గుర్రం గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దల సంఘం ఒకటి వచ్చి చూసి, ఇందులో మోసమేమీ కనిపించలేదని చెప్పి వెళ్ళింది. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఓపికగా పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అడిగినవాడు కనిపించకపోయినా అంతే. తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగినవాడి తల రవ్వంత కదిలేది. అతనికే తెలియకుండా! గుర్రం ఆ కదలిక చూసి ఆగిపోయేది. పాపం, యజమాని మోసగాడు కాడు. నోరులేని జంతువే మనిషి మెడ చూసి ఇంత కనిపెట్టగలిగితే, ఇరవై ఏళ్ళుగా రోజుకు ముప్పై ముఖాలు చూసే మనిషికి మా ఆపా మణికట్టు కనిపించదా?

మన భాష కూడా వారికి బాగా పనికొస్తుంది. తెలుగులో 'కదా' అనే మాట ఉంది. "మీ ఇంట్లో నీళ్ళ దగ్గర ఎవరికీ ప్రమాదం జరగలేదు కదా?" అన్నాడనుకోండి. జరిగిందంటే, "అదే, నాకు కనిపిస్తోంది" అంటాడు. జరగలేదంటే, "అవును, జరగలేదనే అంటున్నాను, జాగ్రత్తగా ఉండండి" అంటాడు. ఎటు తిరిగినా తలుపు తెరిచే ఉంటుంది.

ఇక అక్షరాల సంగతి. "మీమ్ అక్షరంతో పేరున్న మనిషి..." అంటాడు. మన ఇళ్ళలో మీమ్ లేనిది ఎక్కడ? ముహమ్మద్ అనే శుభనామం సగం మంది మగవారి పేర్ల ముందే ఉంటుంది. ఆపైన మస్తాన్, మౌలాలీ, మహబూబ్, ముంతాజ్, మెహరున్నిసా, మున్నీ. కోస్తా జిల్లాల్లోనైతే 'షీన్' అంటే ఇంకా తేలిక. ఇంటిపేరే షేక్ అయినప్పుడు ఊరంతా షీనే!

ఇది ఏమీ తెలియకుండా చదివే పద్ధతి. తెలుసుకుని చదివేవారు వేరు. వరండాలో మన పక్కన కూర్చుని, "ఎంత దూరం నుంచి వచ్చారమ్మా, పిల్లల గురించా?" అని ఆప్యాయంగా అడిగే ఆడమనిషి ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? అమెరికాలో పీటర్ పాపాఫ్ అనే మతబోధకుడు వేలమంది ఉన్న సభల్లో ముక్కూ మొహం తెలియని వారిని పేరు పెట్టి పిలిచి, ఇంటి చిరునామా, జబ్బు కూడా చెప్పేవాడు. దేవుడే తనకు చెబుతున్నాడనేవాడు. 1986లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు, అతని మిత్రులు సభలోకి రేడియో యంత్రం తీసుకెళ్ళి వెతికితే, 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఆడగొంతు వినిపించింది. అది పాపాఫ్ భార్యది. సభకు ముందు జనం రాసిచ్చిన ప్రార్థన కార్డులు చూసి ఆమె చెబుతుంటే, ఆయన చెవిలో దాచుకున్న చిన్న పరికరంలో వింటున్నాడు. రాండీ ఆ టేపును టెలివిజన్లో దేశమంతటికీ వినిపించాడు. మరుసటి సంవత్సరం పాపాఫ్ దివాళా తీశాడు. కొన్నేళ్ళకు మళ్ళీ దుకాణం తెరిచాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు చెవిలో యంత్రం కూడా అక్కర్లేదు. 'రూహానీ ఇలాజ్' అని ఫోన్లో వచ్చే ప్రకటన చూసి మనమే నంబరు పంపుతాము. నంబరుతో పేరు వస్తుంది, వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, ఫేస్‌బుక్‌లో కూతురి నికాహ్ ఫోటోలు, అల్లుడు దుబాయ్ విమానం ఎక్కిన తేదీ కూడా వస్తాయి. రెండు రోజుల తర్వాత సమయం ఇచ్చేది ఊరికే కాదు.

పాత పండితులకు ఇదంతా తెలియనిది కాదు. 13వ శతాబ్దంలో డమాస్కస్ దగ్గరి జౌబర్ గ్రామానికి చెందిన అల్-జౌబరీ, మోసగాళ్ళ గుట్టు విప్పుతూ అరబ్బీలో 30 అధ్యాయాల గ్రంథమే రాశాడు. దొంగ షేఖులు, దొంగ జ్యోతిష్కులు, నిధులు చూపిస్తామనేవారు, బంగారం చేస్తామనేవారు అందరూ అందులో ఉన్నారు. 2020లో దానికి ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పుస్తకమైనా అందులోని మనుషులు మనకు కొత్తగా కనిపించరు.

అంతకంటే ముందు, సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూబక్ర్ (రజి) గారి సంఘటన ఉంది. ఆయన సేవకుడు ఒకనాడు తినడానికి ఏదో తెచ్చి ఇచ్చాడు. తిన్న తర్వాత, అదెక్కడిదో తెలుసా అని అడిగి, తానే చెప్పాడు: అజ్ఞానకాలంలో ఒకడికి సోదె చెప్పాను, ఆ విద్య నాకు సరిగా రాదు కూడా, వాణ్ణి మోసం చేశానంతే, ఇప్పుడు వాడు కనబడి ఇచ్చిన ప్రతిఫలమిది అని. అబూబక్ర్ (రజి) గొంతులో వేలు పెట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశారు. ఆ హదీసు పాఠం చెప్పేటప్పుడు అందరూ ఆయన భక్తి గురించి మాట్లాడతారు. నాకు ఆ సేవకుడి మాట కూడా అంతే విలువైనదిగా తోస్తుంది. ఈ వృత్తిలో ఉన్నవాడు తన నోటితో తాను ఒప్పుకున్న మాట అది!

కొందరు పాఠకులు అడగవచ్చు: జిన్నులు ఉన్నాయి కదా, అవి వచ్చి చెబుతాయేమో? జిన్నులు ఉన్నాయన్నది మన విశ్వాసం. అవి దొంగిలించిన ఒక్క మాటకు సోదెగాడు నూరు అబద్ధాలు కలుపుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు కూడా. అగోచర జ్ఞానం అల్లాహ్‌కు తప్ప ఆకాశాల్లో, భూమిలో ఎవరికీ లేదని సూరె నమ్ల్ స్పష్టం చేస్తోంది. నేను చెప్పేదల్లా ఒకటే: ఆ రోజు ఆ గదిలో జరిగినదానికి జిన్ను అవసరం పడలేదు. చూసే కళ్ళు, ఆగి మాట్లాడే నోరు చాలాయి. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన ఏబ్రహాం కోవూర్, మూసిన కవరులోని కరెన్సీ నోటు నంబరు చదివి చెప్పినవారికి లక్ష రూపాయలు ఇస్తానని 1963లో సవాలు చేశాడు. ఆయన నాస్తికుడు, ఆయన దారి మనది కాదు. అయినా 1978లో ఆయన మరణించేదాకా ఆ లక్ష ఎవరూ తీసుకోలేకపోయారన్నది నిజం. కవరుకు మణికట్టు ఉండదు, అది నిట్టూర్చదు.

డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. ఆ రోజు ఆమిల్ సాహెబ్ తీసుకున్నది ఆపా ఒక నెల ఇంటి ఖర్చు. అంతటితో పోలేదు. లేవబోతుంటే ఆయన గొంతు తగ్గించి, "బయటివాళ్ళు కాదమ్మా. ఇంట్లో తిరిగే ఆడమనిషి. మరీ పొడుగు కాదు, మరీ పొట్టి కాదు. పేరులో షీన్ ఉంది. ఇంతకంటే నన్ను అడగవద్దు" అన్నాడు. ఆపా ముఖం మారిపోయింది. ఆమె తోడికోడలి పేరులో షీన్ ఉంది. నిజానికి ఆపా కూతురి పేరులోనూ ఉంది, పనిమనిషి పేరులోనూ ఉంది. దారంతా అదే చెప్పాను. కానీ వారిద్దరికీ అంతకుముందే వంటింటి దగ్గర మాటలు పడ్డాయి. మనసు వెళ్ళదలచుకున్న వైపే వెళ్ళింది.

హజ్రత్ ఆయిషా (రజి) మీద నింద పడినప్పుడు దైవప్రవక్త (స) అంతటివారు ఒక నెల రోజులు వహీ కోసం నిరీక్షించారు. ఇంటివారిని, సహచరులను అడిగారు. తనంతట తానుగా తీర్పు చెప్పలేదు. చివరికి అల్లాహ్ తరఫునే ఆమె నిర్దోషిత్వం ప్రకటన అయింది. ఇదంతా ఆపాకు చెప్పాను. ఆమెకు తెలియని కథ కాదు, చిన్నప్పుడు నాకంటే ముందు చదువుకున్నదే. "అది వేరు భాయ్" అన్నారు.

ఎనిమిది నెలలకు, ఆపా చిన్నకొడుకు చొక్కా ఉతకబోతుంటే జేబులో బంగారం తాకట్టు రసీదు బయటపడింది. ఏదో వ్యాపారంలో స్నేహితుడికి హామీ ఉండి ఇరుక్కున్నాడు. గాజులు ఆలస్యంగానైనా విడిపించుకున్నారు. ఆపా ఇప్పుడు వాటిని చేతికి వేసుకోరు, బ్యాంకు లాకరులో పెట్టారు.

తోడికోడలు అప్పటికే వేరు కాపురం పెట్టింది. ఆపా స్వయంగా వెళ్ళి, ఏడ్చి, మాఫీ అడిగారు. "మాఫ్ చేశాను" అందట ఆమె. రెండు ఈద్‌లకూ పిల్లవాడి చేత షీర్‌ఖుర్మా పంపిస్తుంది. తాను మాత్రం ఇంతవరకు ఆ ఇంటికి రాలేదు.