ముందటి ఇరుసు మార్చుడంటే ఉత్త వెల్డింగ్ గాదు

ఫోన్ల అమెరికా బండ్ల వీడియోలు సూసేటోళ్లకు ఈ బొమ్మ ఎరుకే. పాత టయోటా పికప్, పెద్ద పెద్ద టైర్లు, బండరాళ్ల మీద ఒక చక్రం మీదికి లేస్తే ఇంకోటి కిందికి దిగుతది. దాన్ని 'సాలిడ్ యాక్సిల్ స్వాప్' అంటరు. సూసినంక మన పోరగాళ్లు కూడా గ్రైండర్ పట్టుకుంటమంటున్నరు. జర ఆగి, అసలు ముచ్చటేందో తెలుసుకుందాం.

సాలిడ్ యాక్సిల్ అంటే ఎడ్లబండి ఇరుసు లెక్కనే. రెండు చక్రాల నడుమ ఒక్కటే గట్టి దూలం. మన లారీలకు ముందట ఇప్పటికీ గట్లనే ఉంటది. ఫోర్ వీల్ పికప్పుల ఆ దూలం బోలుగ ఉండి, లోపట డిఫరెన్షియలు, చక్రాలు తిప్పే షాఫ్టులు ఉంటయి.

అమెరికాల అమ్మిన టయోటా ఫోర్ వీల్ పికప్పుకు 1985 మోడల్ దాకా ముందట ఈ ఇరుసు, కమాన్ పట్టీలే. 1986 మోడల్ నుంచి దాన్ని తీసేసి, ఏ చక్రానికి ఆ చక్రం విడిగ లేసే సస్పెన్షన్ పెట్టిన్రు. కంపెనీది తప్పు అనలేం. ఒక చక్రం గుంతల పడ్డా రెండోదానికి దెబ్బ తాకదు, రోడ్డు మీద బండి మెత్తగ పోతది. రోజూ పనికి పోయేటోనికి కావాల్సింది గదే.

బండల మీద లెక్క వేరే. ఇరుసు బండికి ఒక చక్రం రాయెక్కితే, అదే దూలం రెండో చక్రాన్ని కిందికి నూకుతది. నాలుగు చక్రాలు నేలను పట్టుకుంటయి. విడి సస్పెన్షన్ల చక్రం అంత దూరం ఆడదు. పెద్ద టైర్లేసి బండిని ఎత్తు చేస్తే షాఫ్టుల జాయింట్లు వంకరగ తిరిగి, జోరు పడంగనే పుటుక్కుమంటయి. అందుకే అక్కడోళ్లు పాత టయోటా ఇరుసులే ఎతికి మళ్ల ఎక్కిస్తరు.

ఎక్కించుడే అసలు కష్టం. పాత బ్రాకెట్లు కోసి, ఛాసిస్ కు కమాన్ల హ్యాంగర్లు వెల్డింగ్ చేయాలె. ఆ అతుకు మీదనే బండి బరువంతా. ముందటి గేర్ రేషియో ఎనుక దానితోటి కలవాలె, లేకుంటే ఫోర్ వీల్ ఏసినప్పుడు రెండు ఇరుసులు కొట్లాడి గేర్లు ఇరుగుతయి. డిఫరెన్షియలు ఏ పక్కకున్నదో ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్టు కూడా ఆ పక్కకే రావాలె. బ్రేకు పైపులు పొడుగు చేయకుంటే, చక్రం కిందికి దిగినప్పుడు తెగుతయి.

అన్నిట్ల ప్రమాదం స్టీరింగ్ తోని. దాని రాడ్డు మరీ ఏటవాలుగ ఉంటే, గుంత వచ్చినప్పుడల్లా బండి దానంతటదే పక్కకు గుంజుతది. ఇరుసు ఎనుకకు వంగాల్సిన కోణం తప్పితే, మలిపినంక స్టీరింగ్ సాపుగ రాదు. జాయింట్లు, బుష్షులు లూజున్నయంటే, హైవే మీద ఒక గుంత తాకంగనే ముందటి చక్రాలు రెండూ గజగజ వణుకుతయి. అమెరికా ఆఫ్‌రోడ్ జనం దానికి 'డెత్ వాబుల్' అని పేరు పెట్టిన్రు. పేరు ఉత్తగ పెట్టలే. ఎదురుంగ లారీ వచ్చే టైముల స్టీరింగ్ చేతుల లేకుంటే ఏమైతదో చెప్పాల్నా?

మన తాన 2010ల వచ్చిన పాత థార్ కు కూడా కొన్ని మోడళ్లల ముందట విడి సస్పెన్షనే. దానికీ ఇరుసు ఎక్కించేటోళ్లు ఉన్నరు. కాని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీల ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా గదే మాట అన్నది. అదే ఏడు చట్టంల మార్పు తెచ్చి, అనుమతి లేకుంట మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ అని పెట్టిన్రు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లు ముందుగాల సూసేది గిసుంటి మార్పులే.

నిజంగ ఇరుసు బండే కావాలంటే కంపెనీ ఇచ్చినయే ఉన్నయి. మారుతి జిప్సీకి ముందట, ఎనుక రెండు దిక్కులా ఇరుసు, కమాన్ పట్టీలే. 2023ల వచ్చిన జిమ్నీకి ఇరుసులే గని, కాయిల్ స్ప్రింగులు. పాత జిప్సీ కొనేముందు కిందికి దూరి ఛాసిస్ కు తుప్పు పట్టిందేమో, కొత్త వెల్డింగ్ అతుకులేమన్న ఉన్నయేమో టార్చి ఏసి సూడుండ్రి.